మంచు పడే రోజే మొరాయించే యంత్రం

1969 ఫిబ్రవరి 9, ఆదివారం. కాస్త మంచు రాలి, ఆపైన వానగా మారుతుందని న్యూయార్క్ వాతావరణ అధికారులు చెప్పిన రోజు. వాన రాలేదు. మర్నాటికి నగరం నడిబొడ్డున 15 అంగుళాల మంచు పేరుకుంది. 42 మంది చనిపోయారు, వాళ్లలో దాదాపు సగం మంది క్వీన్స్ ప్రాంతంవాళ్లే. అక్కడి కొన్ని వీధుల్లోకి రోజుల తరబడి మంచు తోసే లారీ అడుగుపెట్టలేదు. నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఐక్యరాజ్యసమితి ఉన్నతాధికారి రాల్ఫ్ బంచ్ ఇల్లు కూడా క్వీన్స్‌లోనే ఉండేది. ఇంత నిర్లక్ష్యం ఎన్నడూ చూడలేదంటూ ఆయన మేయర్ జాన్ లిండ్సేకి టెలిగ్రాం కొట్టారు. ఆ ఏడాది జూన్‌లో లిండ్సే సొంత పార్టీ టికెట్టు కోల్పోయి, మరో పార్టీ తరఫున పోటీచేసి గట్టెక్కాల్సి వచ్చింది. తర్వాత లెక్క తీస్తే బయటపడిన సంగతి ఏమిటంటే, నగరం దగ్గరున్న మంచు తీసే యంత్రాల్లో 40 శాతం దాకా పనికిరాని స్థితిలో ఉన్నాయి. కారణం, వాటి బాగోగులు ఎవరూ సరిగా పట్టించుకోకపోవడం.

ఆ తుపాను ప్రస్తావన వస్తే చాలామంది వాతావరణ అంచనా తప్పిందన్న సంగతినే పట్టుకుంటారు. అంచనా సరిగ్గా వేసి ఉన్నా ఒరిగేది తక్కువే. శనివారం సాయంత్రం హెచ్చరిక వచ్చినంత మాత్రాన, షెడ్డులో పడున్న లారీ ఆదివారం పొద్దున్నకల్లా బాగుపడిపోదు. మంచు తీసే యంత్రం మంచు రోజునే చెడిపోతే దురదృష్టం అనుకుంటారు గానీ, నిజానికి అది చెడిపోవడానికి వేరే రోజే లేదు. ఎనిమిది నెలలు మూలన ఉండి, గడ్డకట్టే చలిలో ఒక్కసారిగా పూర్తి భారం మోయాల్సిన యంత్రం అది. లోపల ఏ లోపం ఉన్నా బయటపడేది ఆ పూటే. కాబట్టి సన్నాహంలో రెండు భాగాలు ఉండాలి. చెడిపోకుండా చూసుకోవడం ఒకటి, చెడిపోయాక ఏం చేయాలో ముందే తేల్చుకోవడం రెండోది. మొదటిదాని గురించి యంత్రంతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. రెండోదాని గురించి చాలా ఇళ్లలో అసలు ఆలోచనే ఉండదు.

మిషిగన్, మినెసోటా, షికాగో శివార్లు, న్యూజెర్సీ, టొరంటో, ఎడ్మంటన్ వంటి చోట్ల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది దగ్గరి విషయం. అపార్ట్‌మెంటులో అద్దెకున్నన్నాళ్లూ మంచు తీయడం యాజమాన్యం తలనొప్పి. ఇల్లు కొన్న మరుక్షణం అది ఇంటివాళ్ల మీద పడుతుంది. డ్రైవ్‌వే (గ్యారేజ్ నుంచి వీధి దాకా కారు దారి) ఎలాగూ మనదే, ఇంటి ముందు నడకదారి కూడా చాలా ఊళ్లలో చట్టప్రకారం ఇంటివాళ్లే శుభ్రం చేయాలి. మినియాపొలిస్‌లో మంచు ఆగిన 24 గంటల్లోపు, బోస్టన్‌లో అయితే 3 గంటల్లోపు తీసేయాలన్నది నిబంధన. బ్లోయర్, అంటే మంచును లాగి దూరంగా విసిరే యంత్రం, స్టార్ట్ కావడం లేదంటే ఆ గడువు ఆగదు.

ఇళ్లలో వాడే పెట్రోలు బ్లోయర్లు స్టార్ట్ కాకపోవడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం పాత పెట్రోలు. అమెరికా బంకుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్ కలిపి ఉంటుంది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. నెలల తరబడి ట్యాంకులో నిలవుంటే తేమ ఒక మోతాదు దాటాక ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజన్ పీల్చుకునేది ఆ అడుగునే. మరోపక్క పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగాలు ఎగిరిపోయి, మిగిలింది జిగురులా తయారై కార్బురేటర్‌లోని జెట్‌ను మూసేస్తుంది. ఆ జెట్ రంధ్రం మిల్లీమీటరు కన్నా సన్నం. అందులో పూడిక పడితే ఇంజన్ స్టార్ట్ కాదు. ఒకవేళ స్టార్ట్ అయినా చోక్ వేసినంతసేపే ఆడి, చోక్ తీయగానే ఆగిపోతుంది. ఈ చివరి లక్షణం గుర్తుపెట్టుకోదగ్గది. చోక్ మీద ఆడుతోంది, తీస్తే ఆగుతోంది అంటే స్పార్క్ ప్లగ్‌ను అనుమానించే ముందు కార్బురేటర్ వైపు చూడాలి.

అలాంటప్పుడు ముందుగా పెట్రోలు కాక్ కట్టేసి, కార్బురేటర్ కింద గిన్నెలా వేలాడే భాగానికున్న బోల్టును వదులు చేసి, అందులోని పెట్రోలును గాజు సీసాలోకి దింపి చూడాలి. ఇంజన్ చల్లగా ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మంచి పెట్రోలు ఒకే రంగులో, పారదర్శకంగా ఉంటుంది. చెడిపోయినది అయితే సీసా అడుగున వేరే పొర తేరుతుంది, లేదా నీటి బొట్లు గోళీల్లా అటూ ఇటూ దొర్లుతూ కనిపిస్తాయి. కొన్నిసార్లు పసుపు రంగు తిరిగి, ఘాటైన పాత వార్నిష్ వాసన వేస్తుంది. వీటిలో ఏది కనిపించినా మళ్లీ మళ్లీ తాడు లాగి భుజం నొప్పి తెచ్చుకోవడంలో అర్థం లేదు. ట్యాంకు ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోసి, గిన్నెను, జెట్‌ను కార్బురేటర్ క్లీనర్‌తో కడగాలి. చాలా చిన్న ఇంజన్లకు కార్బురేటర్ మొత్తంగా కొత్తది దొరుకుతుంది. దాని ధర తరచుగా మెకానిక్ కూలీ కన్నా తక్కువే కాబట్టి, ఒకటి కొని పక్కన పెట్టుకోవడం మంచి ఆలోచన.

ఈ అవస్థ రాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు. పెట్రోలు పాడవకుండా నిలిపే స్టెబిలైజర్ అనే ద్రవాన్ని పెట్రోలు తాజాగా ఉన్నప్పుడే కలపాలి, ఆరు నెలల తర్వాత కలిపితే చచ్చిన పెట్రోలు బతకదు. కలిపాక ఇంజన్‌ను కొద్ది నిమిషాలు ఆడనిస్తే అది కార్బురేటర్ దాకా చేరుతుంది. ఇంకో చిన్న సంగతి చాలామందికి తెలియదు. చలికాలం బంకుల్లో అమ్మే పెట్రోలు వేసవిలో అమ్మేదాని కన్నా తేలిగ్గా ఆవిరయ్యేలా తయారవుతుంది. ఆగస్టులో గడ్డి కోసే యంత్రానికి కొని మిగిల్చిన డబ్బాను జనవరిలో బ్లోయర్‌లో పోస్తే, అది చెడిపోకపోయినా చలికి అంత తేలిగ్గా అంటుకోదు.

ఇంజన్ ఆడుతోంది గానీ ముందున్న ఆగర్, అంటే మంచును కొరికి లోపలికి లాగే మర, ఒక పక్క తిరగడం లేదనుకోండి. దానర్థం షియర్ పిన్ తెగింది. రెండు దశల బ్లోయర్లలో (మంచును కొరికేందుకు ఆగర్, బయటికి విసిరేందుకు వేరే రెక్కల చక్రం ఉండేవి) ఆగర్‌ను దాని ఇరుసుకు కలిపి ఉంచేది ఈ మెత్తని లోహపు పిన్నే. మంచు కింద ఏముందో పైకి కనిపించదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి విసిరేసి పోయిన వార్తాపత్రిక గడ్డకట్టి ఉండొచ్చు, కాళ్లు తుడుచుకునే పట్టా, పిల్లల బొమ్మ, క్రిస్మస్ దీపాల వైరు, ఏదైనా ఉండొచ్చు. అది ఆగర్‌లో ఇరుక్కున్న క్షణాన పిన్ను తెగి, గేర్‌బాక్స్‌ను కాపాడుతుంది. తెగడమే దాని పని. చేతిలో వేరే పిన్ను లేక, డబ్బాలో దొరికిన గట్టి బోల్టును బిగించి పని కానిచ్చేవాళ్లున్నారు. ఊళ్లలో ఫ్యూజు ఊరికే పోతోందని మందపాటి రాగి తీగ చుట్టి, చివరికి మోటారునే కాల్చుకున్నవాళ్లకు ఈ కథ కొత్త కాదు. మరుసటిసారి ఏదైనా ఇరుక్కున్నప్పుడు ఆ బోల్టు తెగదు, గేర్‌బాక్స్ లోపలి పళ్లు పోతాయి. కొన్ని డాలర్ల పిన్నుకు బదులు కొన్ని వందల డాలర్ల బిల్లు వస్తుంది.

ఇక్కడ మరో ముడి ఉంది. ఏళ్ల తరబడి గ్రీజు పెట్టకపోతే ఆగర్ గొట్టం ఇరుసుకు తుప్పుతో అతుక్కుపోతుంది. అప్పుడు పిన్ను ఉన్నా లేనట్టే, అది తెగినా ఇరుసు ఆగర్‌ను తిప్పుతూనే ఉంటుంది, దెబ్బ నేరుగా గేర్‌బాక్స్‌కు తగులుతుంది. అందుకే ఏడాదికి ఒక్కసారి, అక్టోబరులోనైనా, స్పార్క్ ప్లగ్ వైరు పీకి, పిన్నులు తీసేసి, ఆగర్‌ను చేత్తో తిప్పి చూడాలి. ఇరుసు మీద స్వేచ్ఛగా తిరిగితే గ్రీజు కొట్టి పిన్నులు మళ్లీ బిగించాలి. తిరగకపోతే తుప్పు వదిలించే నూనె పోసి ఓపిగ్గా కదిలించాలి. మోడల్‌కు సరిపోయే పిన్నులు అరడజను కొని, యంత్రం హ్యాండిల్‌కే ఒక చిన్న సంచిలో కట్టి ఉంచాలి. గ్యారేజ్‌లో ఎక్కడో డబ్బాలో ఉన్న పిన్ను చీకట్లో, గాలివానలాంటి మంచులో చేతికి దొరకదు.

బెల్టుల సంగతి ఇంత కథ కాదు. పగుళ్లు, అంచుల్లో మెరుపు, పోగులు లేచిన గుర్తులు కనిపిస్తే మార్చేయడమే. పొడి మంచులో బాగానే తిరిగి, గట్టి గుట్ట తగలగానే ఆగర్ ఆగిపోతుంటే బెల్టు జారుతోందని అర్థం. కింద అటూ ఇటూ ఉండే స్కిడ్ షూలు అరిగితే నేలకు గీసే పట్టీ, ఆపైన ఆగర్ చుట్టూ ఉండే పెట్టె కూడా అరుగుతాయి. రెండు చక్రాల్లో గాలి సమానంగా లేకపోతే యంత్రం ఒక పక్కకు లాగుతుంది. ఇవన్నీ ఒక పూటలో చూసుకోగలిగినవి.

వాడిన వెంటనే ఇంజన్ ఆపేసి గ్యారేజ్‌లోకి తోసేయడం మాత్రం మర్నాటి బ్రేక్‌డౌన్‌కు తలుపు తీయడమే. ఆగర్‌లో, చ్యూట్‌లో (మంచును బయటికి విసిరే గొట్టంలో) అంటుకున్న మంచు వెచ్చని ఇంజన్ పక్కన కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. పొద్దున్నే ఆగర్ కదలదు, చ్యూట్ తిప్పే కేబుల్ బిగుసుకుపోతుంది. పని అయ్యాక ఆరుబయటే రెండు మూడు నిమిషాలు ఖాళీగా ఆడనిచ్చి మంచును విదిల్చేయాలి. గ్యారేజ్ లోపల, తలుపు తెరిచి ఉన్నాసరే, ఇంజన్ ఆడించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు.

అసలు భారం ఎక్కడ పడుతుందో తెలిస్తే యంత్రం ఎందుకు చెడిపోతుందో తెలుస్తుంది. కొత్తగా పడిన పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు ఉంటుంది. వీధిలో ప్లౌ లారీ, అంటే ముందున్న బ్లేడుతో మంచు తోసే లారీ, వెళ్తూ డ్రైవ్‌వే మొదట్లోకి తోసేసిన గుట్ట అలా ఉండదు. ఉప్పు కలిసిన తడి మంచు, ఐసు ముక్కలు, గులకరాళ్లు అన్నీ కలిసి దిమ్మెలా తయారవుతుంది. బరువు నాలుగైదు రెట్లు. గంట ఆలస్యం చేస్తే గట్టిపడుతుంది కూడా. పిన్నులు తెగేదీ, బెల్టులు కాలిపోయేదీ, చ్యూట్ మూసుకుపోయేదీ చాలావరకు ఈ చివరి పది అడుగుల్లోనే. ఇంజన్ పూర్తి వేగంలో ఉంచి, నడక తగ్గించి, సగం వెడల్పే కొరికిస్తూ పోతే యంత్రం ప్రాణం నిలుస్తుంది.

చ్యూట్ మూసుకుపోయినప్పుడు జరిగే పొరపాటు యంత్రానిది కాదు, మనిషి చేతిది. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ప్రతి శీతాకాలం అమెరికా, కెనడా ఆసుపత్రులకు వేళ్లు తెగినవాళ్లు వస్తూనే ఉంటారు. వాళ్లలో కొందరు ఇంజన్ ఆపామనే చెబుతారు. తడి మంచు ఇరుక్కుని ఇంపెల్లర్, అంటే మంచును చ్యూట్‌లోకి విసిరే రెక్కల చక్రం, ఆగినప్పుడు, బెల్టులో, ఇరుసులో బిగుతు నిలిచే ఉంటుంది. ఇంజన్ ఆపినా ఆ బిగుతు పోదు. చేత్తో మంచును కదిలించిన మరుక్షణం రెక్క ఒక్కసారి, అర చుట్టే అయినా, విసురుగా తిరుగుతుంది. వేలు పోవడానికి అది చాలు. ఇంజన్ ఆపాలి, తాళంచెవి తీసేయాలి, లోపల కదలిక ఆగేదాకా చూడాలి, ఆపైన కూడా యంత్రంతో పాటు వచ్చే ప్లాస్టిక్ గరిటెతోనో చీపురు కర్రతోనో మాత్రమే తీయాలి. ఆ గరిటె పోగొట్టుకుని ఉంటే, కొత్తది తెచ్చుకోవడం పిన్నులకన్నా, బెల్టుకన్నా ముందు చేయాల్సిన పని. కొత్తగా యంత్రం పట్టుకుంటున్నవాళ్లకు, ముఖ్యంగా సాయానికి వచ్చే పిల్లలకు, స్టార్ట్ చేయడం నేర్పే ముందే ఈ సంగతి చెప్పాలి.

బ్యాటరీ బ్లోయర్లకు పెట్రోలు, కార్బురేటర్ గొడవ లేదు. వాటి బలహీనత చలి. లిథియం బ్యాటరీ గడ్డకట్టే గ్యారేజ్‌లో రాత్రంతా ఉంటే దాని సామర్థ్యం బాగా పడిపోతుంది, సున్నా డిగ్రీల కంటే దిగువన ఛార్జ్ చేస్తే లోపల పాడవుతుంది. ఇంట్లో వెచ్చగా ఉంచి, పని మొదలుపెట్టేటప్పుడే బిగించుకోవాలి. కరెంటు పోయిన తుపానులో రెండో విడత ఛార్జింగ్ ఉండదన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఊళ్ల స్థాయిలో సమస్య రూపం మారుతుంది గానీ మూలం మారదు. డీజిల్‌లోని మైనం చలికి గడ్డలు కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. అందుకే శీతాకాలపు మిశ్రమానికి మారడం, ఇంజన్ బ్లాక్‌కు రాత్రంతా హీటర్ తగిలించడం. పొగను శుద్ధి చేసేందుకు కొత్త లారీల్లో వాడే యూరియా ద్రావణం మైనస్ 11 డిగ్రీలకే గడ్డకడుతుంది, ట్యాంకులోని హీటర్ పాడైతే లారీ వేగం తగ్గించుకుని మొరాయిస్తుంది. ప్లౌ బ్లేడును ఎత్తే దించే హైడ్రాలిక్ గొట్టాలు చలికి బిరుసెక్కి, మ్యాన్‌హోల్ మూత అంచు తగిలిన అదురుకు పగులుతాయి. ఉప్పు చల్లే యంత్రానికి శత్రువు ఉప్పే. తడిసిన ఉప్పును తొట్టిలో వదిలేస్తే గడ్డకట్టి గొలుసును తెంపుతుంది, కడగకపోతే వైర్లను తినేస్తుంది. అక్టోబరులోనే ప్లౌలు బిగించి, మంచు లేని వీధుల్లో ఒకసారి మొత్తం తిరిగి చూసే అలవాటు చాలా అమెరికన్ ఊళ్లలో ఉంది. డ్రైవరుకు దారి గుర్తుంటుంది, అంతకన్నా ముఖ్యంగా కారుతున్న గొట్టం పొడి నేల మీదే దొరుకుతుంది.

అయినా అన్నిటికీ ఒక హద్దు ఉంటుంది. 2022 డిసెంబరు చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరాన్ని ముంచిన మంచు తుపానులో ఎదుటి మనిషి కనిపించని స్థితి గంటల తరబడి నడిచింది. నగరంలోని ఫైరింజన్లు దాదాపు అన్నీ ఇరుక్కుపోయాయని గవర్నర్ కాథీ హోకుల్ ప్రకటించారు. సాయానికి పంపిన వాహనాలను బయటికి లాగడానికి మళ్లీ వాహనాలు పంపాల్సి వచ్చింది. ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. పెద్ద మంచుకు అలవాటుపడ్డ ఊరది. అంతకు నెల ముందే దాని దక్షిణ శివార్లలో దాదాపు 80 అంగుళాల మంచు పడితే తట్టుకుంది. యంత్రాలు రావు, సొంతదీ పనిచేయదు అనే పరిస్థితి ఊహకందనిదేమీ కాదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

ఆ పరిస్థితికి సన్నాహం అంటే, ఏది ముందు తీయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం. చాలామంది కారు బయటికి రావాలన్న తొందరలో డ్రైవ్‌వే నుంచి మొదలుపెడతారు. పార ఒక్కటే ఉన్నప్పుడు ఆ వరుస తప్పు. మొదట తీయాల్సింది ఇంటి గోడ బయటికి పొడుచుకొచ్చిన, ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ గొట్టాల చుట్టూ ఉన్న మంచు. కొత్త రకం ఫర్నేస్‌ల పొగ పక్క గోడలోని ప్లాస్టిక్ గొట్టం గుండానే పోతుంది. అది నేలకు తక్కువ ఎత్తులో ఉండి మంచులో మునిగితే హీటింగ్ ఆగిపోవచ్చు, లేదా కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరిగి రావచ్చు. ఆ గొట్టం ఎక్కడుందో మంచు పడకముందే చూసి, పక్కన పొడవాటి కర్ర పాతాలి. తర్వాత ఒక తలుపు నుంచి వీధి దాకా మనిషి నడిచేంత బాట, ఇంటి ముందు ఫైర్ హైడ్రెంట్ (అగ్నిమాపక సిబ్బంది నీళ్లు పట్టే కుళాయి) ఉంటే దాని చుట్టూ ఖాళీ. కారు ఆ తర్వాత.

పారతో తీసేటప్పుడు మంచు ఆగేదాకా వేచి ఉండటం ఒంటికి చేటు. నాలుగైదు అంగుళాలు పడగానే ఒకసారి, మళ్లీ పడ్డాక మరోసారి తోసేస్తే ఏ విడతలోనూ బరువు మితిమీరదు. చలికి రక్తనాళాలు బిగుసుకుని, పైనుంచి బరువెత్తే శ్రమ తోడైతే గుండె మీద పడే ఒత్తిడి అసాధారణం. మంచు తుపానుల తర్వాత గుండెపోటు మరణాలు అక్కడి వార్తల్లో కొత్త కాదు. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, అమెరికా చూడటానికి వచ్చి ఖాళీగా కూర్చోలేక పార అందుకునే అమ్మానాన్నలు ఈ పనికి దూరంగా ఉండాలి. మొహమాటానికి పోయే విషయం కాదిది.

అందుకే నవంబరులోనే ఇద్దరితో మాట్లాడి పెట్టుకోవడం అవసరం. ఒకరు పక్కింటివారు. వాళ్ల యంత్రం చెడితే మనది, మనది చెడితే వాళ్లది అనే మాట ముందే అనుకుంటే, మంచు మధ్యలో తలుపు తట్టడానికి సంకోచం ఉండదు. రెండు ఇళ్ల బ్లోయర్లు ఒకే మోడల్ అయితే పిన్నులు, బెల్టులు కూడా ఉమ్మడిగా కొనుక్కోవచ్చు. రెండోవారు డబ్బు తీసుకుని ప్లౌతో వచ్చి తీసే కాంట్రాక్టరు. సీజన్ ముందు ఒప్పందం కుదుర్చుకున్న ఇళ్లకే వాళ్లు ముందు వస్తారు, తుపాను రోజు ఫోన్ చేసిన కొత్తవారి వంతు చివర్లోనే. ఒప్పందం చేసుకునేటప్పుడు, మీ లారీ చెడిపోతే బదులు ఎవరు వస్తారు అని అడగాలి. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చేవారినే ఎంచుకోవడం మేలు.

మరమ్మతు దుకాణాల్లో మొదటి పెద్ద మంచు పడ్డ వారం క్యూ వారాల తరబడి సాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అదే దుకాణం ఖాళీగా ఉంటుంది, కొన్నిచోట్ల ఇంటికొచ్చి తీసుకెళ్లి ధర కూడా తగ్గిస్తారు. చివరి మంచు కరిగాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా ఆడించి, వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ మార్చి, ఆ సీజన్‌లో యంత్రం పెట్టిన ఇబ్బందులను కాగితం మీద రాసి దుకాణానికి ఇచ్చేయడానికి అదే అదను. అక్టోబరు దాకా ఆగితే ఆ ఇబ్బందుల్లో సగం మరిచిపోతాం. యంత్రం మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉన్న రేకు సాధారణంగా వెనుక భాగంలో, కాలక్రమంలో చదవలేనంతగా అరిగిపోయే చోట ఉంటుంది. దాన్ని ఇప్పుడే ఫోటో తీసుకుని, బెల్టుల, పిన్నుల నంబర్లతో పాటు గ్యారేజ్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి. జనవరిలో విడిభాగం కోసం ఫోన్ చేస్తే దుకాణంవాళ్లు మొదట అడిగేవి ఆ నంబర్లే.